డొమైన్ కొనేముందు ఐపీ ఇండియా ట్రేడ్‌మార్క్ సెర్చ్ చూడండి, నా రివ్యూ

విజయవాడ, గుంటూరు వైపు చిన్న వ్యాపారాలకి వెబ్‌సైట్లు చేసిపెట్టడం నా పని. పచ్చళ్ళు, పొడులు, చీరలు, కోచింగ్ సెంటర్లు ఇలాంటివి. పేరు అనుకోగానే అందరూ చేసేది ఒకటే, డొమైన్, అంటే వెబ్‌సైట్ అడ్రస్, అమ్మే సైట్‌లో కొట్టి చూడటం, ఖాళీగా ఉందంటే కొనేయడం, వెంటనే లేబుళ్ళు, కవర్లు ప్రింటింగ్‌కి ఇచ్చేయడం. కానీ ఆ సైట్ చెప్పేది ఆ అడ్రస్ ఇంకా ఎవరూ కొనలేదని మాత్రమేనండి, ఆ పేరు మీద వేరేవాళ్ళకి హక్కు ఉందా లేదా అన్నది వాళ్ళు చూడరు. అది చూసుకోడానికి ప్రభుత్వం ఫ్రీగా పెట్టిందే ఐపీ ఇండియా సైట్‌లో ఉన్న ట్రేడ్‌మార్క్ (ఒక వ్యాపారాన్ని గుర్తుపట్టించే పేరు, లోగో) పబ్లిక్ సెర్చ్. దీంట్లో చూడకుండా నేను ఏ క్లయింట్‌కీ డొమైన్ కొననివ్వను.

వర్డ్‌మార్క్ (పేరు అక్షరాలతో), వియన్నా కోడ్, ఫొనెటిక్ (ఒకేలా వినపడే పేర్లు) అని మూడు రకాలుగా వెతకొచ్చు. వియన్నా కోడ్ లోగో బొమ్మలకి, డొమైన్ విషయంలో దాంతో పని లేదు. వర్డ్‌మార్క్‌లో 'స్టార్ట్ విత్' (ఆ ముక్కతో మొదలయ్యేవి) దగ్గర ఆగిపోకుండా 'కంటైన్స్' (ఆ ముక్క ఎక్కడున్నా) కూడా పెట్టి చూడండి, ఎందుకంటే మీ పేరులో అసలైన ముక్క ఇంకొకరి పేరు మధ్యలో ఉండొచ్చు.

అన్నిటికంటే పనికొచ్చేది ఫొనెటిక్. స్పెల్లింగ్ కొంచెం మార్చాం కదా, ఇది వేరే పేరే కదా అని చాలామంది ధీమాగా ఉంటారు, అలా నడవదు. మన హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్ నుంచి వచ్చిన సత్యం ఇన్ఫోవే వాళ్ళ పేరు సిఫీ, వాళ్ళకి సిఫీనెట్ డొమైన్ ఉంది. ఇంకో కంపెనీ ఒక ఎఫ్ ఎక్కువ పెట్టి సిఫ్ఫీనెట్ అని డొమైన్ తీసుకుంది, మా ప్రమోటర్ల పేర్లలో మొదటి అక్షరాలు కలిపితే వచ్చిన పేరు అని చెప్పింది, వ్యాపారం కూడా వేరు అంది. 2004లో సుప్రీంకోర్టు అవేవీ ఒప్పుకోలేదు. డొమైన్ పేరుకి కూడా ట్రేడ్‌మార్క్ లక్షణాలు ఉంటాయని, డొమైన్ల కోసం విడిగా చట్టం లేకపోయినా ఒకరి పేరుతో జనాన్ని పొరపాటు పడేలా చేస్తే పాసింగ్ ఆఫ్ (వేరేవాళ్ళ పేరుని తమదిగా చూపించడం) కింద ఆపొచ్చని చెప్పింది. అంతకుముందే 1999లో యాహూ పేరు పక్కన ఇండియా తగిలించిన డొమైన్‌ని ఢిల్లీ హైకోర్టు ఆపింది. కాబట్టి తెలిసిన బ్రాండ్ పక్కన 'ఆన్‌లైన్' అనో ఊరి పేరో కలిపితే సరిపోతుందన్న ఆలోచన వదిలేయండి.

మన తెలుగు పేర్లతో ఇంకో ఇబ్బంది, ఇంగ్లీష్‌లో ఒక్కొక్కళ్ళు ఒక్కోలా రాస్తారు, టి పక్కన హెచ్ ఒకళ్ళు పెడతారు ఒకళ్ళు పెట్టరు, దీర్ఘానికి 'ఏ' అక్షరం రెండుసార్లు వేసేవాళ్ళు ఉన్నారు. ఫొనెటిక్ అన్నీ పట్టేస్తుందని నమ్మకుండా ఆ స్పెల్లింగులన్నీ చేత్తో కొట్టి చూడాల్సిందే.

నాకు నచ్చనిది, క్లాస్ (సరుకులు, సర్వీసుల్ని విడగొట్టిన నంబర్ల గ్రూపు) ఒక్కొక్కటే పెట్టి వెతకాలి. మొత్తం 45 ఉన్నాయి, 34 వరకు సరుకులు, తర్వాతవి సర్వీసులు. పచ్చళ్ళు 29, మసాలా పొడులు 30, ఆన్‌లైన్ షాపు 35, హోటల్ అయితే 43, చీరలు 25, దాంతోపాటు బట్టల తానులకి 24. మీదొక్కటే చూసి మూసేయకండి, పచ్చళ్ళ వాళ్ళు 29, 30, 35 మూడూ చూడాలి. బాగా పేరున్న బ్రాండ్ అయితే క్లాస్ వేరైనా అడ్డుపడగలదు, అలాంటి వెల్‌నోన్ (బాగా పేరున్న) మార్కుల లిస్టు విడిగా ఉంటుంది, అది కూడా ఒకసారి చూడండి.

రిజల్ట్ వచ్చాక స్టేటస్ చదవడం ముఖ్యం. అబాండన్డ్ (వదిలేసింది), రెఫ్యూజ్డ్ (తిరస్కరించింది) అని ఉంటే కొంచెం ఊపిరి పీల్చుకోవచ్చు, అయినా వాళ్ళు ఆ పేరుతో వ్యాపారం చేస్తూనే ఉన్నారేమో చూడాలి. అబ్జెక్టెడ్ (అభ్యంతరం వచ్చింది) అని ఉంటే చచ్చిపోయిన అప్లికేషన్ అనుకుంటారు చాలామంది, కాదు, అది ఇంకా నడుస్తున్నట్టే. ఎప్పటినుంచి వాడుతున్నారో ఆ తేదీ కూడా ఉంటుంది, దాన్ని అస్సలు వదలొద్దు, మన చట్టంలో ముందునుంచి వాడుతున్నవాళ్ళకి బలం ఎక్కువ.

ట్రేడ్‌మార్క్‌కి అప్లై చేయకుండా ఏళ్ళ తరబడి పేరు వాడుతున్నవాళ్ళు ఈ సెర్చ్‌లో కనపడరు, అలాంటివాళ్ళకీ హక్కు ఉంటుంది. అందుకే గూగుల్, ఇన్‌స్టా, ప్లేస్టోర్ కూడా వెతకాలి. ఇంకోటి, కంపెనీ పేరు అప్రూవ్ అయింది కదా అని నిశ్చింతగా ఉండకండి, ఆ రిజిస్ట్రేషన్ వేరు, ట్రేడ్‌మార్క్ వేరు.

గొడవ వస్తే డాట్ ఇన్ అడ్రస్‌లకి నిక్సీ (డాట్ ఇన్ అడ్రస్‌లు చూసే సంస్థ) వాళ్ళ ఐఎన్‌డీఆర్‌పీ అనే డొమైన్ వివాద పద్ధతి ఉంది, డాట్ కామ్‌కి అలాంటిదే యూడీఆర్‌పీ. వాటిల్లో ఓడిపోతే డొమైన్ అవతలి వాళ్ళకి వెళ్ళిపోతుంది, అప్పటిదాకా కష్టపడి తెచ్చుకున్న కస్టమర్లు ఆ అడ్రస్ కొడితే వాళ్ళ దగ్గరికే పోతారు, నాకు అన్నిటికంటే బాధనిపించేది ఇదే.

నా రేటింగ్ 5కి 4, క్లాసులన్నీ ఒకేసారి వెతకనిస్తే ఆ ఒక్కటీ ఇచ్చేసేవాణ్ణి. సెర్చ్‌లో పేరు శుభ్రంగా వస్తే డొమైన్‌తో పాటు ట్రేడ్‌మార్క్‌కి కూడా అప్లై చేసేయండి, ఆన్‌లైన్‌లో వ్యక్తులకి, చిన్న సంస్థలకి ఒక్కో క్లాస్‌కి 4500 రూపాయల ఫీజు, వస్తే పదేళ్ళు ఉంటుంది. దగ్గరగా వినపడే పేరు మీ క్లాస్‌లోనే కనపడిందా, కవర్లు ప్రింటింగ్‌కి ఇవ్వకముందే ట్రేడ్‌మార్క్ లాయర్‌కి చూపించండి.