చిల్లర్ పేరుతో వచ్చిన ఫ్యాన్ పెట్టె: లేజర్ కటింగ్ మెషిన్‌పై నా సమీక్ష

లేజర్ కటింగ్ మెషిన్ కొనబోయేవాళ్లు లేజర్ కాంతి పుట్టే గాజు ట్యూబ్ ఎన్ని వాట్లు, బెడ్ ఎంత పెద్దది అని అడుగుతారు. అడగండి, తప్పులేదు. కానీ అంతకంటే ముందు, ట్యూబ్ చుట్టూ పారే నీళ్లను చల్లబరచడానికి దానితోపాటు ఇచ్చే చిల్లర్‌లో కంప్రెసర్ ఉందా లేదా అని అడగండి. ఉందంటే మూత తీసి చూపించమనండి. మెషిన్ మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. నా కోపమంతా దాని పక్కన నేలమీద కూర్చునే ఆ చిన్న పెట్టె మీదే.

మాది విజయవాడ. పై అంతస్తులో, నేరుగా స్లాబ్ కింద ఉన్న గదిలో 60 వాట్ల సీఓ2 (కార్బన్ డయాక్సైడ్) లేజర్ మెషిన్ పెట్టుకుని కొన్నేళ్లుగా పని చేస్తున్నాను. గుమ్మానికి పెట్టే నేమ్‌ప్లేట్లు, గృహప్రవేశం బోర్డులు, పెళ్లిళ్లకు రిటర్న్ గిఫ్టులు, ధనుర్మాసంలో ముగ్గు అచ్చులు, దసరాకి బొమ్మల కొలువు సామాను. ఎక్కువగా 3 ఎంఎం యాక్రిలిక్, ఎండీఎఫ్ అనే చెక్కపొడి బోర్డు. సన్‌బోర్డ్ తెచ్చి కోసిపెట్టమని వచ్చేవాళ్లను మాత్రం వెనక్కి పంపేస్తాను. అది పీవీసీ. కాలితే వచ్చే పొగలో హైడ్రోజన్ క్లోరైడ్ ఉంటుంది, అది మన ఊపిరితిత్తులకీ చేటే, మెషిన్‌లోని ఇనుముకీ చేటే.

కోత సంగతి చెప్పాలంటే, కాస్ట్ యాక్రిలిక్ అంచు అద్దంలా వస్తుంది. ఎమరీ పేపర్ పట్టాల్సిన పనే లేదు. నాకు అన్నిటికంటే నచ్చింది తెలుగు అక్షరాలు కోయడం. మన లిపిలో అన్నీ వంపులే. చేత్తో జిగ్‌సా పట్టుకుని వట్రుసుడి కొక్కెం కోయడం ఎంత కష్టమో ఆ పని చేసినవాళ్లకే తెలుసు. లేజర్‌కి వంపైనా తిన్నని గీతైనా ఒకటే. సిలికానాంధ్ర వాళ్లు అందరికీ ఉచితంగా విడుదల చేసిన రామభద్ర, పొన్నాల లాంటి ఫాంట్లు తీసుకుని, బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఇంక్‌స్కేప్‌లో టైప్ చేసి, అక్షరాలను గీతలుగా మార్చి పంపితే వత్తులు, గుడులు ఎక్కడివక్కడ చక్కగా దిగుతాయి. మెషిన్‌తో వచ్చిన సాఫ్ట్‌వేర్‌లోనే నేరుగా తెలుగు టైప్ చేస్తే వత్తులు చెల్లాచెదురవుతాయి కాబట్టి ఈ దారే మేలు.

ఇక అసలు విషయం. ఒక మే నెలలో, జ్యేష్ఠ మాసం ముహూర్తాలు దగ్గరపడుతుండగా ఒక పెళ్లివారు రిటర్న్ గిఫ్టుల ఆర్డర్ ఇచ్చారు. పసుపు, కుంకుమ భరిణెలు పెట్టుకునే చిన్న యాక్రిలిక్ ట్రేలు, ఒక్కోదాని అంచున వధూవరుల పేర్లు. పొద్దున్న ఆరింటికి మొదలుపెడితే ముక్కలు షీట్‌లోంచి వాటంతటవే ఊడి పడేవి. పదకొండు దాటేసరికి పైనుంచి చూస్తే తెగినట్టే ఉండేది, షీట్ ఎత్తి చూస్తే అడుగున సన్నటి పొర మిగిలి ఉండేది. చేత్తో విరిస్తే అంచు పెచ్చులూడేది. పవర్ పెంచితే మీటర్‌లో మిల్లీ ఆంపియర్లు పెరిగేవి, కోత లోతు మాత్రం పెరిగేది కాదు. మధ్యాహ్నం రెండింటికి అదే ఫైలు, అదే షీటు, వేగం సగానికి తగ్గించినా ముక్క ఊడి వచ్చేది కాదు. పొద్దుగూకాక మళ్లీ కాస్త తేరుకునేది.

అమ్మినవాళ్లకి ఫోన్ చేస్తే అద్దాలు తుడవమన్నారు. తుడిచాను. లెన్స్ తుడవమన్నారు. అదీ చేశాను. అలైన్‌మెంట్ పోయి ఉంటుందన్నారు. మూడు అద్దాల దగ్గరా టేపు ముక్కలు అంటించి చూస్తే మచ్చ నడిమధ్యలోనే పడుతోంది. మారింది దాని ఆకారం. పొద్దున్న ఒకే గుండ్రటి చుక్క పడేది, మధ్యాహ్నానికి అది వెలిసిపోయి రెండు ముక్కలయ్యేది. ఆ సమయానికి చిల్లర్ డిస్‌ప్లే మీద నీళ్ల వేడి 43 డిగ్రీలు, గదిలో 38. టెక్నీషియన్‌కి ఆ అంకె చెబితే, "నార్మలే మేడమ్, చిల్లర్ నడుస్తోంది కదా" అన్నాడు.

అనుమానం తీరక నాలుగు స్క్రూలు విప్పి పెట్టె మూత తీశాను. లోపల ఒక పంపు, ఒక రేడియేటర్, ఒక ఫ్యాన్, ఒక నీళ్ల ట్యాంకు. అంతే. ఫ్రిజ్‌లో ఉండే కంప్రెసర్ లాంటిదేదీ లేదు. చిల్లర్లలో సీడబ్ల్యూ-3000 అనే మోడల్ రకం అంటే ఇదే. గదిలో గాలి ఎంత వేడిగా ఉందో అంతకంటే చల్లగా నీళ్లను ఇది ఎప్పటికీ ఉంచలేదు. దాని లెక్క కాగితంలోనే ఉంటుంది: డిగ్రీకి 50 వాట్లు. అంటే నీళ్లు గది కంటే ఒక్కో డిగ్రీ ఎక్కువ వేడెక్కితే 50 వాట్ల వేడిని బయటికి పంపగలదు. ఈ గాజు ట్యూబులు తీసుకునే కరెంటులో పదో వంతో, కాస్త ఎక్కువో మాత్రమే కాంతిగా మారుతుంది, మిగతాదంతా వేడే. 400 వాట్ల వేడి నీళ్లలోకి పోతోందనుకుంటే, నీళ్లు గది కంటే 8 డిగ్రీలు ఎక్కువ దగ్గర స్థిరపడతాయి. విజయవాడ మే నెలలో మీరే కూడుకోండి. ట్యూబ్‌కి కావలసింది పాతిక లోపు.

ఇక ఆ టెక్నీషియన్ చెప్పిన చివరి ఉపాయం ట్యాంకులో ఐస్ వేయమని. వేశాం. వేడెక్కి ఉన్న ట్యూబ్‌లోకి ఆ చల్లటి నీళ్లు ఒక్కసారిగా వెళ్లాయి. టక్కున చిన్న చప్పుడు. ఊదారంగులో వెలిగే గీత మిణుకుమని ఆగిపోయింది. మెయిన్ ఆపి వెనక మూత ఎత్తి చూస్తే, నీళ్లు పారే లోపలి గొట్టం గోడ నిలువునా చీరుకుని, గ్యాస్ ఉండాల్సిన పొరలోకి నీళ్లు దిగాయి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, నాకు ట్యూబ్ పగిలింది. గాజు పగిలితే వారంటీ వర్తించదన్నారు. ఐస్ వేయమన్నది మీవాడే కదా అంటే జవాబు లేదు. మిగిలిన ట్రేలు ఆటోనగర్‌లో తెలిసినవాళ్ల మెషిన్ మీద రాత్రిపూట కోయించి ముహూర్తానికి అందించాను. ఆ కోపం నాకు ఇంకా చల్లారలేదు. కంప్రెసర్ లేనిదాన్ని చిల్లర్ అని బిల్లు మీద రాసి ఇవ్వడం కొనేవాళ్లను మోసం చేయడమే.

వేడి ఎందుకింత దెబ్బ తీస్తుందో తర్వాత చదివి తెలుసుకున్నాను. ఈ లేజర్‌ని 1964లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో తయారుచేసింది మన బారామతిలో పుట్టిన సి. కుమార్ పటేల్. కార్బన్ డయాక్సైడ్ అణువు పై శక్తి స్థాయి నుంచి కింది స్థాయికి దిగినప్పుడు కాంతి వస్తుంది. కింది స్థాయి ఎప్పటికప్పుడు ఖాళీ అవుతూ ఉంటేనే పైనుంచి దిగడానికి చోటుంటుంది. గ్యాస్ వేడెక్కితే ఆ వేడికే కింది స్థాయి నిండిపోతుంది. అందుకే మీటర్‌లో కరెంటు పెరిగినా కోత పెరగలేదు. మెషిన్‌లో ఉన్న రక్షణ నీళ్లు పారుతున్నాయా లేదా అన్నదే చూస్తుంది, అవి ఎంత వేడిగా ఉన్నాయో చూడదు. కాబట్టి ఎర్ర లైటు వెలగలేదని నిశ్చింతగా ఉండకూడదు.

కొత్త ట్యూబ్‌తోపాటు కంప్రెసర్ ఉన్న సీడబ్ల్యూ-5200 కొన్నాను. ట్యూబ్ కంటే అదే ఖరీదు. ఆ తర్వాతి వేసవిలో మిట్టమధ్యాహ్నం 3 ఎంఎం యాక్రిలిక్‌ని పొద్దున్న కోసిన వేగంతోనే కోసింది. నీళ్లు 22 దగ్గర పెడితే 22 దగ్గరే ఉన్నాయి. ఒకే ఫైలు పొద్దున ఒకలా, మధ్యాహ్నం ఒకలా రావడం పోయింది. ఇన్నాళ్లూ మెషిన్ మూడీగా ఉందనుకున్నదంతా నీళ్ల వేడేనని అప్పుడు రూఢి అయింది.

అయితే దీనికీ ఒక పేచీ ఉంది. ఆగస్టులో వానల మధ్య కొత్త బాధ మొదలైంది. ట్యూబ్ బయటి గాజు మీద చెమట పట్టడం, అద్దం మసకబారడం, ఒకరోజు హైటెన్షన్ వైరు దగ్గర బుస్సుమని చప్పుడు. గదిలో 30 డిగ్రీలు, తేమ 80 శాతం ఉంటే 26 డిగ్రీల దగ్గరే గాలిలో తేమ నీరై దిగుతుంది. నీళ్లు 22లో ఉంటే ట్యూబ్ మీద చెమట పట్టినట్టే. వేల వోల్టులు పారే చోట తడి మంచిది కాదు. ఇప్పుడు వానాకాలంలో 27కి పెంచుతాను. కాస్త పవర్ తగ్గినా ఫర్వాలేదు. గోడకి ఒక తేమ మీటరు తగిలించి, దాన్ని చూసి సెట్టింగ్ మార్చడం అలవాటైంది. కరెంటు పోయినప్పుడు మా ఇన్వర్టర్ మెషిన్‌ని కాసేపు లాగుతుంది కానీ చిల్లర్ కంప్రెసర్‌ని లాగలేదు. అలాంటప్పుడు రెండూ ఆపేయడమే.

పైన తెలుగు అక్షరాల గురించి మెచ్చుకున్నాను కదా, దానికి కొంచెం కలపాలి. కోత మెషిన్‌దే అయినా, అక్షరాలను ఒక్క ముక్కగా నిలబెట్టే పని మనదే. "పద్మ నిలయం" అని కోయండి. ప మీది తలకట్టు విడిగా ఊడిపోతుంది, ద కింద మ వత్తు విడిగా, చివరి సున్నా విడిగా. ఇంగ్లీషు పేరు పది నిమిషాల్లో సిద్ధమైతే తెలుగు పేరుకి గంట పడుతుంది. ఒక్కో తలకట్టునీ కిందికి జరిపి అక్షరంలోకి కలపాలి, వత్తుని పైకి లాగి అంటించాలి, సున్నాకి అడుగున సన్నపట్టీ వేయాలి. ఆ జోడింపు 2 ఎంఎం కంటే సన్నగా ఉంటే కొరియర్‌లోనే విరుగుతుంది. కలపడం ఇష్టంలేకపోతే ఇంకో మార్గం ఉంది. కోశాక మిగిలిన షీట్ పారేయకుండా బోర్డు మీద పరిచి, ఆ రంధ్రాల్లోనే ముక్కలు పెట్టి అంటిస్తే తలకట్టు, వత్తు, సున్నా ఫాంట్‌లో ఉన్న చోటే కూర్చుంటాయి. ఈమధ్య నేను ఎక్కువగా ఇదే చేస్తున్నాను.

కొనమంటారా అని అడిగేవాళ్లకి నా జవాబు వాళ్లుండే ఊరిని బట్టి, చేసే పనిని బట్టి మారుతుంది. నాలాగా కోస్తాలో, స్లాబ్ కింద గదిలో, పెళ్లిళ్ల సీజన్‌లో రోజంతా యాక్రిలిక్ కోసేవాళ్లు కంప్రెసర్ చిల్లర్ ఖరీదు కలిపి లెక్కేసుకోవాలి. అది కుదరకపోతే ఇంకొన్నాళ్లు ఆగడం మేలు. పొద్దున్న రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు మాత్రమే పని ఉన్నవాళ్లు చలికాలంలో ఫ్యాన్ పెట్టెతో నెట్టుకురావచ్చు. ఎండీఎఫ్, కార్డు, తోలు మాత్రమే కోసేవాళ్లకి నీళ్ల గొడవే లేని డయోడ్ లేజర్ సరిపోవచ్చు. దాని నీలికాంతి పారదర్శకమైన యాక్రిలిక్‌లోంచి దూసుకుపోతుంది కాబట్టి దాన్ని కోయలేదు, అది గుర్తుంచుకోండి.

విశాఖలో ఉండే మా తోడికోడలు ఇప్పుడు ఇలాంటి మెషినే చూస్తోంది. ఆవిడది ఏసీ గది. ఆవిడకి కూడా 5200 కొనమనే చెప్పాను, కాకపోతే వానాకాలంలో ఏసీ ఆపి తలుపులు తీసేముందు చిల్లర్ ఆపేయమన్నాను. కొటేషన్‌లో మోడల్ నంబర్ రాయకుండా ఉత్తినే "వాటర్ చిల్లర్" అని రాసిన దుకాణానికి ఇంకా అడ్వాన్స్ ఇవ్వొద్దన్నాను.