కాలు తీసేయాలన్నారు, బెలూన్‌తో నిలబడింది: నాన్న కాలి యాంజియోప్లాస్టీపై నా రివ్యూ

చికిత్సకి ఐదుకి ఐదు, డిశ్చార్జ్ చేసిన తీరుకి రెండే. నాన్నకి షుగర్, పైగా ఏళ్ల తరబడి సిగరెట్లు. నడిస్తే పిక్క పట్టేయడం, కాసేపు ఆగితే తగ్గడం చాలాకాలంగా ఉన్నా వయసు నొప్పులే అనుకున్నారు అందరూ. తర్వాత రాత్రిళ్లు పాదం ఒకటే నొప్పి, కాలు మంచం కిందికి వేలాడేస్తే తప్ప నిద్ర పట్టేది కాదు, చివరికి బొటనవేలు నల్లబడింది. మొదట చూపించిన చోట మోకాలి కింద తీసేయాలన్నారు, రక్తం ఎక్కడిదాకా వెళ్తోందో ఒక్క పరీక్ష కూడా చేయకుండానే! ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

తర్వాత చూపించిన వాస్క్యులర్ సర్జన్ (రక్తనాళాల డాక్టర్) ముందుగా చీలమండ దగ్గర, చేతికి బీపీ చూసి పోల్చారు. ఆ నిష్పత్తి 0.9 కన్నా తగ్గితే నాళాల్లో అడ్డు ఉన్నట్టే. షుగర్ ఉన్నవాళ్లకి నాళాలు గట్టిపడి ఈ లెక్క ఎక్కువ చూపించొచ్చట, అందుకని నాళాల్లో రక్తం పారడం చూసే డాప్లర్ స్కాన్ కూడా చేశారు. నాళాలు ఎక్స్-రేలో కనబడేలా ఎక్కించే డై కిడ్నీలకి ఇబ్బంది చేయొచ్చు, అందుకే క్రియాటినిన్ రక్తపరీక్ష చూశాకే అది ఇచ్చారు.

గజ్జల్లో చిన్న రంధ్రం, అక్కడి వరకే మత్తు, నాన్న మెలకువగానే ఉన్నారు. సన్నటి తీగని బ్లాకు దాటించి, దాని మీదుగా బెలూన్ పంపి ఉబ్బించారు. తొడలో నాళం మళ్లీ మూసుకోకుండా ఒక స్టెంట్ (సన్నటి జాలీ గొట్టం) పడింది, పిక్కలో బెలూన్‌తోనే సరిపోయింది. తర్వాత డాక్టర్‌గారు చూపించిన వీడియోలో, ముందు మోకాలి కిందే ఆగిపోయిన డై నల్లటి గీత పాదం దాకా పారింది. 1964లో చార్లెస్ డాటర్ అనే అమెరికన్ డాక్టర్ మొట్టమొదట ఇలా నాళం లోపల్నుంచే అడ్డు తెరిచింది కూడా (అప్పట్లో బెలూన్ కాదు, సన్నటి గొట్టాలతో) కాలు తీయించుకోనని మొండికేసిన 82 ఏళ్ల ఆవిడకే. అన్నేళ్ల నుంచి ఉన్న చికిత్స పేరైనా ఎత్తకుండా కాలు తీసేద్దాం అనడం ఏమిటో!

నల్లబడిన వేలు తీసేయక తప్పలేదు, ఆ పుండు మానడానికి నెలలు పట్టింది, కానీ కాలు దక్కింది. నా అసంతృప్తంతా డిశ్చార్జ్ రోజు గురించే. మందుల చీటీ చేతిలో పెట్టి పంపేశారు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన మాత్రలు సొంతంగా ఆపకూడదని, బ్లాకు మళ్లీ రావచ్చని, అందుకే డాప్లర్ చేయిస్తూ ఉండాలని మేం గుచ్చిగుచ్చి అడిగితే గానీ చెప్పలేదు. సిగరెట్ గురించైతే ఒక్క మాట లేదు.

అందరికీ బెలూన్ కుదరదు, కొందరికి అడ్డు పక్కనుంచి రక్తానికి కొత్త దారి వేసే బైపాస్ ఆపరేషనే మంచిది, ఇన్ఫెక్షన్ బాగా పాకిపోతే కాలు తీయక తప్పకపోవచ్చు కూడా. కానీ పాదం మీద పుండు మానకపోతే రక్తప్రసరణ చూడమని మీరే అడగండి. కాలు ఉన్నట్టుండి చల్లబడి, పాలిపోయి, తిమ్మిరెక్కితే మాత్రం అపాయింట్‌మెంట్ల కోసం కూర్చోకండి, అది గంటల్లో తేలాల్సిన విషయం, నేరుగా ఎమర్జెన్సీకే వెళ్లండి.