శిఖరం ఎక్కక్కర్లేదు, కనుమ దాటితే చాలు: హంప్తా పాస్ నడక

శిఖరం ఎక్కాలంటే తాళ్లు, ఐస్ యాక్స్, నెలల శిక్షణ, వాటికి తగ్గ డబ్బు కావాలి. ఇంతా చేసి మళ్లీ ఎక్కిన దారినే దిగాలి. కనుమ దాటడానికి ఈ హంగామా ఏదీ లేదు. రెండు కొండల మధ్య తగ్గు చూసుకుని ఈ లోయలో ఎక్కి ఆ లోయలో దిగిపోవడమే. గద్దీ గొర్రెల కాపరులు ఏటా మందల్ని తోలుకుంటూ చేసే పని ఇది.

మొదటిసారి హిమాలయాలకు వెళ్లేవాళ్లకి హిమాచల్‌లోని హంప్తా పాస్ సరైన ఎంపిక. ఎత్తు సుమారు 4,270 మీటర్లు. పొద్దున కులు వైపు పచ్చిక మీద బయల్దేరితే, సాయంత్రానికి లాహౌల్ వైపు గడ్డిపోచ కూడా కరువైన మట్టికొండల్లో ఉంటారు. ఒక్క రోజులో ఇంత మార్పు చూపించే దారులు తక్కువ.

మనవాళ్లు ఎక్కడానికే భయపడతారు గానీ, ఇక్కడ ఇబ్బంది పెట్టేది దిగుడు. అలిపిరి దారిలో 3,550 మెట్లు ఎక్కి, కిందకి మాత్రం బస్సులో వచ్చేసే అలవాటుతో హంప్తాకి వెళ్తే మోకాళ్లు మొరాయిస్తాయి. బయల్దేరే ముందు రెండు నెలలు వారానికి మూడు రోజులైనా మెట్లు ఎక్కండి, దిగడం కూడా మెట్ల మీదే దిగండి. అపార్ట్‌మెంట్ మెట్లయినా సరే, లిఫ్టు జోలికి వెళ్లకుండా ఉంటే చాలు.

హైదరాబాద్ నుంచి తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాడు ఉదయానికి ఢిల్లీ. సాయంత్రం మనాలీ వోల్వో పట్టుకుంటే మరో 12 నుంచి 14 గంటలు. బస్సు దిగిన రోజే ట్రెక్ మొదలుపెట్టే ప్యాకేజీలున్నాయి, వాటి జోలికి పోవద్దు. మనాలీ 2,050 మీటర్ల ఎత్తులో ఉంది, మొదటి క్యాంపు చికా 3,100 దగ్గర. రాత్రంతా నిద్రలేని ఒంటితో ఒక్క రోజులో వెయ్యి మీటర్లు లేస్తే తలనొప్పి, వాంతులు రావడం వింతేమీ కాదు.

బస విషయానికొస్తే, మాల్ రోడ్ హోటళ్లు బస్టాండుకి దగ్గరే గానీ సీజన్‌లో రద్దీ, హారన్ల మోత. పాత మనాలీలో కేఫ్‌లు బాగుంటాయి, రాత్రి త్వరగా పడుకోవాలనుకునే వాళ్లకి అది చోటు కాదు. అన్నిటికన్నా మంచిది సేథన్. ప్రీణి నుంచి హంప్తా వైపు వెళ్లే వంకర్ల రోడ్డు మీదే, సుమారు 2,700 మీటర్ల ఎత్తులో ఉన్న చిన్న ఊరు. హోమ్‌స్టేలు ఉన్నాయి. ఒక రాత్రి ఇక్కడ పడుకుంటే ఒంటికి ఎత్తు అలవాటవుతుంది, నడక మొదలయ్యే జోబ్రా కూడా దగ్గరే. ఏటీఎం పని మనాలీలోనే ముగించుకోండి. జోబ్రా దాటాక సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు.

జోబ్రా నుంచి చికా గంటన్నర నడక. రెండో రోజు రాణీ నాలా అనే వాగు పక్కనే బాలూ కా ఘేరా (3,600 మీటర్లు) దాకా ఐదారు గంటలు. ఇక్కడ ఒక ముచ్చట. ఈ ఎత్తులో నీళ్లు 88 డిగ్రీలకే మరుగుతాయి. అందుకే మామూలు గిన్నెలో అన్నం పలుకు మీదే ఉండిపోతుంది, పప్పయితే అసలు ఉడకదు. వంటవాళ్ల దగ్గర ప్రెషర్ కుక్కర్ ఉందో లేదో బుక్ చేసేటప్పుడే అడగండి. కందిపొడి, ఆవకాయ చిన్న డబ్బాల్లో పట్టుకెళ్తే, ఆకలి చచ్చిపోయిన పూట కూడా నాలుగు ముద్దలు దిగుతాయి.

మూడో రోజే అసలు రోజు. ఆరింటికల్లా బయల్దేరి మధ్యాహ్నం లోపు పాస్ మీదికి చేరాలి, ఆ తర్వాత గాలి పెరుగుతుంది, మబ్బు కమ్ముతుంది. పైన గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే 60 శాతమే. అడుగులు చిన్నవిగా, మాట్లాడగలిగే వేగంతో వెయ్యండి. ఆకాశం తేటగా ఉంటే దేవ్ టిబ్బా (6,001 మీటర్లు), ఇంద్రాసన్ (6,221) శిఖరాలు కనిపిస్తాయి. అవి ఎక్కేవాళ్లకి ఒక దండం పెట్టి దిగడం మొదలుపెట్టవచ్చు.

ఆ రాత్రి క్యాంపు శియా గోరూ. అటువైపు దిగుడు నిటారుగా ఉంటుంది. జూన్‌లో మంచు, ఆగస్టుకల్లా జారే రాళ్లు. మంచు మీద మడమ గట్టిగా దింపి, మోకాలు కాస్త వంచి దిగాలి. భయపడి వెనక్కి వాలితే కాలు జారేది అప్పుడే. ట్రెకింగ్ కర్ర పొడవు దిగుడుకి 5 నుంచి 10 సెంటీమీటర్లు పెంచుకోండి. బూట్ల లేసులు చీలమండ దగ్గర బిగించకపోతే వేళ్లు ముందుకు గుద్దుకుని గోళ్లు నల్లబడతాయి.

శియా గోరూలో (3,900) చలి ఎక్కువ. గుడారం లోపలి గుడ్డకి మన ఊపిరి తేమే పట్టి, తెల్లారేసరికి సన్నటి మంచుపొరై, తట్టగానే ముఖం మీద రాలుతుంది. పడుకునేటప్పుడు జిప్పు నాలుగు వేళ్ల మేర తెరిచి ఉంచండి. తడి సాక్సులు స్లీపింగ్ బ్యాగ్‌లో పొట్ట దగ్గర పెట్టుకుంటే ఆరతాయి, బయట వదిలితే కర్రలవుతాయి.

పొద్దున్నే వాగు దాటాలి. ఎండెక్కేకొద్దీ మంచు కరిగి నీళ్లు పెరుగుతాయి కాబట్టి ఆలస్యం చెయ్యకూడదు. వెనక పట్టీ ఉన్న చెప్పులు వేసుకుని, బ్యాగు నడుం బెల్టు విప్పేసి, ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని దాటాలి. పడితే బ్యాగు వెంటనే వదిలించుకోగలగాలి, బెల్టు విప్పమనేది అందుకే. అక్కణ్ణుంచి ఛత్రు నాలుగు గంటలు.

ఛత్రు నుంచి చంద్రతాల్ సరస్సు బండిలో 45 కిలోమీటర్లే, కానీ మూడు నాలుగు గంటలు ఎముకలు కదిలిపోతాయి. సరస్సు ఒడ్డున గుడారాలు వెయ్యనివ్వరు, క్యాంపులు దూరంగా ఉంటాయి. వాతావరణం బాగుంటేనే వెళ్లండి: 2023 జులైలో దారులు మూసుకుపోయి వందల మంది అక్కడే ఇరుక్కున్నారు. తిరుగు ప్రయాణం 9.02 కిలోమీటర్ల అటల్ సొరంగం గుండా, రోహ్‌తంగ్ కనుమ ఎక్కే పనిలేదు.

ఆపరేటర్‌ని అడగాల్సినవి: ఆక్సిజన్ సిలిండర్, మైక్రోస్పైక్స్ (మంచు మీద జారకుండా బూట్లకి తొడిగే ముళ్ల పట్టీలు), తాడు ఉన్నాయా, ఒక గైడుకి ఎంతమంది, జీఎస్టీ కలిపారా, రోడ్డు మూసేస్తే చంద్రతాల్ డబ్బు వెనక్కిస్తారా. ఈ చివరి ప్రశ్నకి రాతపూర్వకంగా జవాబు రాకపోతే వేరేవాళ్లని చూసుకోండి. ఎత్తు వల్ల వచ్చే జబ్బుకి డయామాక్స్ మాత్ర వాడాలనుకుంటే డాక్టర్‌ని అడగాలి, సల్ఫా అలర్జీ ఉంటే ముందే చెప్పాలి. పడుకున్నా ఆయాసం తగ్గకపోయినా, నడక తూలుతున్నా మందు కోసం చూడొద్దు, ఆ క్షణమే కిందకి దించాలి.

మే నెలలోనే సెలవు దొరికేవాళ్లకి సర్ పాస్ (4,220) బాగుంటుంది. యూత్ హాస్టల్స్ అసోసియేషన్ కసోల్ నుంచి నడిపే బ్యాచ్‌లు చవక, పెద్ద గుంపు మాత్రం తప్పదు. శీతాకాలానికి ఉత్తరాఖండ్‌లోని కువారీ పాస్. రూపిన్ పాస్ (4,650) రెండో మూడో ట్రెక్‌కి ఉంచుకోండి, అక్కడి నిటారు మంచు ఇరుకుదారి (గల్లీ) కొత్తవాళ్లకి కాదు.

హంప్తాకి జూన్ నెలాఖరు మంచు కావాలనుకునేవాళ్లకి, సెప్టెంబరు తేట ఆకాశం కావాలనుకునేవాళ్లకి. వానాకాలంలో మండీ, కులు రోడ్డు మీద కొండచరియలు పడుతుంటాయి కాబట్టి, ట్రెక్ ముగిసిన రోజుకీ ఢిల్లీలో రైలుకీ మధ్య కనీసం రెండు రోజులు ఖాళీ ఉంచండి. రోడ్డు బాగుండి ఒక రోజు మిగిలితే వశిష్ఠ్ గుడి పక్కన గంధకపు వేడి నీళ్ల గుండం ఉంది. దిగుడు తిన్న మోకాళ్లకి అదే మందు.