పాత సీపీయూని సినిమాలకి పెట్టుకోవాలంటే లిబ్రెలెక్ మేలా, జెల్లీఫిన్ మేలా?

విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో సపోర్ట్ ఆగిపోయింది. విండోస్ 11కి పోదామంటే అది ఇంటెల్‌లో ఎనిమిదో తరం ప్రాసెసర్ల నుంచే ఒప్పుకుంటుంది. అప్పట్నుంచీ నన్ను అడిగేవాళ్లందరిదీ దాదాపు ఒకటే ప్రశ్న: "రెండో తరం ఐ3 సీపీయూ ఉంది, నాలుగు జీబీ ర్యామ్. అమ్మితే చిల్లర డబ్బులు కూడా రావట్లేదు. టీవీకి కలుపుకుందామా? కలిపితే లిబ్రెలెక్ వేయాలా, జెల్లీఫిన్ వేయాలా?" మొదటిది పాత సీపీయూని టీవీకి తగిలించే సినిమా ప్లేయర్‌గా మారుస్తుంది, రెండోది ఇంట్లోని టీవీలకీ ఫోన్లకీ సినిమాలు పంపే సర్వర్‌గా.

మీ ఇంట్లో చూసేదంతా ఆహా, ప్రైమ్, హాట్‌స్టార్ అయితే రెండూ వద్దు. లిబ్రెలెక్‌లో వాటికి అధికారిక యాప్‌లు లేవు. జెల్లీఫిన్‌కి వాటితో పనే లేదు. ఒక స్ట్రీమింగ్ స్టిక్ కొనుక్కుని ఆ సీపీయూని వదిలించుకోండి. పెళ్లి వీడియోలు, పిల్లల ఫోటోలు, డీవీడీల నుంచి ఎక్కించుకున్న పాత సినిమాలు హార్డ్ డిస్క్‌లో పేరుకుపోయినవాళ్ల కోసమే ఇదంతా.

అందరూ ముందు ర్యామ్ గురించి అడుగుతారు. నాలుగు జీబీ ఈ రెండిట్లో దేనికైనా సరిపోతుంది. నా లెక్కలో అసలు తేల్చుకోవాల్సింది వీడియోని డీకోడ్ చేసే పని, అంటే కుదించిన ఫైలుని విప్పి బొమ్మగా మార్చడం, ఎవరి నెత్తిన పడుతుందన్నది. లిబ్రెలెక్ అంటే కోడీ అనే సినిమా ప్లేయర్ ఒక్కటే నడిచే చిన్న లినక్స్ (విండోస్ బదులు వేసుకునే ఆపరేటింగ్ సిస్టమ్). సీపీయూకి టీవీ తగిలించి ఉంటుంది కాబట్టి బొమ్మ వేసే పనంతా దానిదే. జెల్లీఫిన్‌లో పాత సీపీయూ ఫైళ్లను దాచుకుని, అడిగినప్పుడు పంపిస్తుందంతే. డీకోడ్ చేసుకునేది అటువైపున్న స్మార్ట్ టీవీ, లేకపోతే ఫోను.

పాత గ్రాఫిక్స్ చిప్‌కి ఏ వీడియో ఫార్మాట్ చేతనవుతుందో ప్రాసెసర్ తరాన్ని బట్టి ఉంటుంది. కోర్ 2 డుయో కాలంనాటి జీ41 మదర్‌బోర్డుల్లో గ్రాఫిక్స్ సాయం డీవీడీల్లో ఉండే ఎంపెగ్-2 దగ్గరే ఆగిపోతుంది. హెచ్264 వీడియో వేస్తే భారమంతా ప్రాసెసర్ మీదే. 2011లో వచ్చిన రెండో తరం నుంచి హెచ్264 ఫుల్ హెచ్‌డీ వీడియోని గ్రాఫిక్స్ చిప్పే చూసుకుంటుంది, ప్రాసెసర్‌కి చెమట పట్టదు. హెచ్ఈవీసీ, అంటే ఫైలు పేర్లలో ఎక్స్265 అని కనిపించేది, ఆరో తరం నుంచి చేతనవుతుంది. అదే పది బిట్లదైతే (రంగుల ఛాయలు ఎక్కువుండే రకం) ఏడో తరం కావాలి. ఏవీ1 అనే ఇంకా కొత్త ఫార్మాట్‌కి పదకొండో తరం. అంటే రెండో తరం ఐ3 మీద హెచ్264 సినిమాలు హాయిగా నడుస్తాయి. పది బిట్ల ఎక్స్265 వేస్తే ఫ్యాన్ హోరు పెడుతుంది, పెద్ద ఫైటు సీన్లలో బొమ్మ ఎగిరెగిరి పడుతుంది. 4కే ఊసే ఎత్తొద్దు.

మీ సీపీయూ సంగతి తెలుసుకోవడం తేలికే. కోడీలో సినిమా వేసి కీబోర్డు మీద ఇంగ్లిష్ ఓ అక్షరం నొక్కండి. తెర మీద చిన్న పెట్టె వస్తుంది. డీకోడర్ పేరు పక్కన హెచ్‌డబ్ల్యూ అని ఉంటే గ్రాఫిక్స్ చిప్ పనిచేస్తోందని. ఎస్‌డబ్ల్యూ అని ఉంటే ప్రాసెసర్ ఒక్కటే మోస్తోందని. అదే పెట్టెలో ప్రాసెసర్ వాడకం కూడా కనిపిస్తుంది. అది వందకి అంటుకుని ఉంటే ఆ ఫైలుకి ఆ సీపీయూ చాలదు. మీ దగ్గరున్న ఫైళ్లలోంచి నాలుగైదు రకాలు ఇలా వేసి చూస్తే ఎవరి సలహా అక్కర్లేదు.

జెల్లీఫిన్‌కి పెద్ద మెషీన్ కావాలని చాలామంది భయపడతారు. అది ట్రాన్స్‌కోడ్ చేయాల్సి వస్తేనే, అంటే వీడియోని అప్పటికప్పుడు వేరే ఫార్మాట్‌లోకి మార్చి పంపాల్సి వస్తేనే. టీవీ ఆ ఫైలుని నేరుగా ఆడించగలిగితే కోర్ 2 డుయో కూడా నిమ్మళంగా పంపిస్తుంది. అందుకే నా మాట కాస్త వింతగా అనిపించొచ్చు: సీపీయూ మరీ పాతదై, టీవీ కొత్తదైతే జెల్లీఫినే నయం. డ్యాష్‌బోర్డులో ఎవరేం చూస్తున్నారో, అది డైరెక్ట్ ప్లేనో (ఫైలు ఉన్నదున్నట్టు పంపడం) ట్రాన్స్‌కోడింగో రాసి ఉంటుంది. బ్లూరే నుంచి తీసిన ఫైళ్లలో సబ్‌టైటిల్స్ అక్షరాలుగా కాక బొమ్మలుగా ఉంటాయి. టీవీలోని యాప్‌కి అవి అర్థం కాకపోతే వీడియో మీదే అచ్చుగుద్ది పంపాలి. అప్పుడు పాత ప్రాసెసర్ చేతులెత్తేస్తుంది. పక్కన సబ్‌టైటిల్స్ అక్షరాలుగా ఉండే ఎస్ఆర్‌టీ ఫైలు పెట్టుకుంటే ఆ గొడవ ఉండదు.

జెల్లీఫిన్‌తో నాకు నచ్చనిది కరెంటు సంగతి. ఎవరు ఎప్పుడు చూస్తారో తెలియదు కాబట్టి సర్వర్ ఎప్పుడూ ఆన్‌లో ఉండాలి. పాత డెస్క్‌టాప్ ఊరికే ఉన్నా 60 వాట్లు లాగుతుందనుకుంటే రోజుకి 1.44 యూనిట్లు, నెలకి 43. తెలంగాణలో గృహజ్యోతి జీరో బిల్లు 200 యూనిట్ల దాకానే కదా, 170 దగ్గర ఉన్న ఇల్లు దీంతో గీత దాటిపోతుంది. లిబ్రెలెక్ అయితే రోజుకి నాలుగు గంటలు వేసుకున్నా నెలకి ఏడు యూనిట్ల చిల్లరే. పాత ల్యాప్‌టాప్ అయితే కరెంటు వాడకం ఇందులో నాలుగో వంతే ఉండొచ్చు. అప్పుడు జెల్లీఫిన్ గురించి నిశ్చింతగా ఆలోచించవచ్చు.

రెండో తరం, ఆ పైన ఉన్న సీపీయూ, మామూలు ఫుల్ హెచ్‌డీ టీవీ ఉన్న ఇంటికి నేనైతే లిబ్రెలెక్కే అంటాను. స్విచ్చేస్తే నేరుగా కోడీ వస్తుంది, అప్‌డేట్లనీ యాంటీవైరస్ అనీ మధ్యలో పలకరించేవాళ్లు ఉండరు. మొదటిసారి పెట్టేటప్పుడే సాంబా (ఫైళ్లను ఇంటి నెట్‌వర్క్‌లో పంచే సదుపాయం) ఆన్ చేయాలా అని అడుగుతుంది. ఆన్ చేస్తే ఇంట్లో ఫోన్లలో వీఎల్‌సీ పెట్టుకుని అవే సినిమాలు చూడొచ్చు, అంటే జెల్లీఫిన్ చేసే పనిలో సగం వచ్చేసినట్టే. ఎవరు ఎంతవరకు చూశారో గుర్తుపెట్టుకోవడం మాత్రం అక్కడ ఉండదు.

దీనికీ కొన్ని పేచీలున్నాయి. ఇన్‌స్టాలర్ ఎంచుకున్న డిస్క్‌ని పూర్తిగా తుడిచేస్తుంది, ఫోటోలు ముందే వేరే చోటికి మార్చుకోండి. 64 బిట్ ప్రాసెసర్ తప్పనిసరి. ఎన్‌విడియా కార్డు ఉంటే జెనరిక్ కాకుండా జెనరిక్ లెగసీ ఇమేజ్ (ఇన్‌స్టాల్ ఫైలు) దించుకోవాలి. టీవీ రిమోట్‌తో నడుస్తుందని ఆశపడకండి. హెచ్‌డీఎంఐలో ఆ పని చేసే సీఈసీ మామూలు పీసీల్లో ఉండదు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో కోడీ వాళ్లదే కోర్ అనే రిమోట్ యాప్ ఉంది. పెద్దవాళ్లకి ఫోన్‌తో కుదరదంటే యూఎస్‌బీ రిసీవర్ ఉన్న ఎయిర్ మౌస్ రిమోట్ కొనండి.

విండోస్ మీద కోడీ కూడా నడుస్తుంది, కానీ సపోర్ట్ పోయిన విండోస్‌ని ఇంటర్నెట్‌కి కలిపి ఉంచడం నాకిష్టం లేదు. లినక్స్ మింట్ వేసి పైన కోడీ పెట్టుకోవడం, ఆ సీపీయూలోనే బ్రౌజింగ్ కూడా కావాలనేవాళ్లకి. జెల్లీఫిన్ లాంటిదే ప్లెక్స్, బాగానే ఉంటుంది గానీ ఖాతా తెరవాలి, హార్డ్‌వేర్ ట్రాన్స్‌కోడింగ్‌కి డబ్బు కట్టాలి.

ఏది వేసినా ఫైళ్ల పేర్లు సరిచేసుకోవడం తప్పదు, వాటిని చూసే అది పోస్టర్లు వెతుక్కుంటుంది. దేవదాసు అని ఊరికే పెడితే 1953దో, 1974దో, 2006దో దానికి తెలియదు, నాగేశ్వరరావు సినిమాకి రామ్ పోస్టర్ తగిలిస్తుంది. పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి, పక్కనే బ్రాకెట్లలో సంవత్సరం పెట్టండి. ఒక ఫోల్డర్ వరకు ఇలా మార్చి చూపించి, పోస్టర్లు సరిగ్గా వచ్చాకే మిగతా డిస్క్ జోలికి వెళ్లండి.