వైరు పీకి చూడటమా, కంప్రెషన్ గేజ్ పెట్టడమా?

కావలి నుంచి ఒంగోలు వెళ్తుంటే మా నాన్న పాత ప్రీమియర్ పద్మిని కారు ఊగిపోవడం మొదలుపెట్టింది. నాలుగు సిలిండర్లలో ఒకటి పడుకుంది. ఏది?

పాత మెకానిక్కుల పద్ధతి స్పార్క్ ప్లగ్ వైర్లు ఒక్కొక్కటే పీకడం. ఇంజన్ నడుస్తుండగా మంచి సిలిండర్ వైరు తీస్తే శబ్దం కుంగుతుంది. చెడ్డదాని వైరు తీసినా తేడా రాదు. పైసా ఖర్చు లేదు, రెండు నిమిషాల పని. రబ్బరు పిడి ఉన్న కటింగ్ ప్లేయర్‌తో పట్టుకోవాలి, లేకపోతే షాక్ కొడుతుంది (నాకు కొట్టింది). మాది మూడోదని తేలింది. కానీ అది ఎందుకు పడుకుందో ఈ పద్ధతి చెప్పదు. కొత్త ప్లగ్ వేసినా అంతే.

సిలిండర్‌లో ఒత్తిడి ఎంతో చూపే కంప్రెషన్ గేజ్‌కి ఓపిక కావాలి. ఇంజన్ వేడెక్కాక ప్లగ్గులన్నీ తీసి, కాయిల్ వైరు విప్పి, ఒక్కో ప్లగ్ రంధ్రంలో గేజ్ పెట్టి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టాలి. బ్యాటరీ డల్‌గా ఉంటే ఆ రీడింగ్ నమ్మొద్దు. మూడోది మిగతావాటిలో సగమే చూపింది. అందులో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూశాం. గేజ్ ముల్లు లేస్తే పిస్టన్ రింగులు అరిగినట్టు, లేవకపోతే వాల్వుల మీద అనుమానం. పక్కపక్క సిలిండర్లు రెండూ తగ్గితే హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ బ్లాక్‌కీ, పైనుండే హెడ్‌కీ మధ్య సీలు) చూడాలి. మా ముల్లు కదల్లేదు. హెడ్ దింపితే ఎగ్జాస్ట్ వాల్వు అంచు కాలిపోయి ఉంది.

నన్నడిగితే ముందు వైరే. గేజ్ మాత్రం హెడ్ దింపమని ఎవరైనా అన్న రోజున తప్పనిసరి.