అడిగి తెలుసుకోవడమా, చెబితే వినడమా? సందేశాల సర్వర్ నిఘాకు ఏది మేలు?

ఆ రాత్రి డ్యాష్‌బోర్డు మీద ఎక్కడా ఎరుపు లేదు. తప్పుల లెక్క సున్నా. క్యూలో, అంటే పంపిణీకి ఎదురుచూసే వరసలో, 12 సందేశాలు. రెండు గంటల తర్వాత చూసినా అవే 12. ఎంత నిలకడగా నడుస్తోందో అని లోలోపల మురిసిపోయాను కూడా. నిజానికి సందేశాలు పంచే ప్రోగ్రామ్ ఆగిపోయి అప్పటికే రెండు గంటలైంది. దాని కొలతలను పోగుచేసే స్టాట్స్‌డీ అనే ప్రోగ్రామ్ మాత్రం బతికే ఉంది. మార్చకుండా వదిలేస్తే దాని స్వభావం ఇదీ: గేజ్‌కు (క్యూ పొడవులా పెరుగుతూ తగ్గుతూ ఉండే కొలత) కొత్త విలువ రాకపోతే పాత విలువనే మళ్లీ పంపుతుంది, కౌంటర్‌కు (తప్పుల్లా ఎన్నిసార్లు జరిగాయో లెక్కపెట్టేది) ఏమీ రాకపోతే సున్నా అని రాస్తుంది. తప్పు జరిగిందని చెప్పాల్సినవాడే లేకపోతే, తప్పుల్లేవని అది ధీమాగా చెబుతూ పోయింది.

అప్పటినుంచి ఏ నిఘా పద్ధతిని ఎంచుకోవాలన్నా నేను మొదట అడిగే ప్రశ్న ఒకటే. సర్వర్ మూగబోతే నాకు ఎలా తెలుస్తుంది?

కొలతలు సేకరించడానికి ప్రధానంగా రెండు దారులున్నాయి. సర్వరే తన లెక్కలను బయటికి పంపడం ఒకటి, బయటివాళ్లు వచ్చి అడగడం రెండోది. స్టాట్స్‌డీ మొదటి రకం. 2011లో ఎట్సీ సంస్థ దీన్ని బయటపెట్టింది. ప్రోగ్రామ్ తన అంకెలను యూడీపీ అనే నెట్‌వర్క్ పద్ధతిలో పొట్లాలుగా 8125 పోర్టుకు విసిరేస్తుంది, స్టాట్స్‌డీ వాటిని కూడి పది సెకన్లకోసారి గ్రాఫైట్ లాంటి నిల్వకు చేరవేస్తుంది. విసిరేయడం అన్న మాటలోనే దాని సుగుణం ఉంది. అవతల అందుకున్నారా లేదా అని సర్వర్ ఆగి చూడదు. నిఘా వ్యవస్థ కూలిపోయినా సందేశాల పంపిణీ ఆగదు. సెకనుకు వేల సందేశాలు దాటించే సర్వర్‌కు ఇది చిన్న వరం కాదు. చిక్కల్లా రద్దీ పెరిగినప్పుడే. బఫర్ (పొట్లాలు తాత్కాలికంగా ఆగే చోటు) నిండితే పొట్లాలు రాలిపోతాయి. లెక్క ఎప్పుడు కచ్చితంగా కావాలో సరిగ్గా అప్పుడే తక్కువ చూపిస్తుంది.

రెండో రకానికి పేరున్నది ప్రొమీథియస్. 2012లో సౌండ్‌క్లౌడ్‌లో మొదలై, 2016లో క్లౌడ్ నేటివ్ కంప్యూటింగ్ ఫౌండేషన్‌లో కుబర్నెటిస్ తర్వాత రెండో ప్రాజెక్టుగా చేరింది. సర్వర్ తన లెక్కలను ఒక సాదా వెబ్ పేజీలో రాసి ఉంచుతుంది. ప్రొమీథియస్ నిర్ణీత వ్యవధికోసారి వచ్చి చదువుకుని వెళుతుంది. మనం మార్చకపోతే ఆ వ్యవధి నిమిషం, చాలామంది 15 సెకన్లకు కుదిస్తారు. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. ఇక్కడ అడగడంలో ఇంకో లాభం ఉంది: జవాబు రాకపోవడం కూడా ఒక కబురే. అడిగిన ప్రతిసారీ ప్రొమీథియస్ 'అప్' అనే కొలతను తనంతట తానే రాసుకుంటుంది. జవాబు వస్తే 1, రాకపోతే 0. నా పాత రాత్రిలో ఇది ఉండి ఉంటే ఒకటి రెండు నిమిషాల్లో ఫోన్ మోగేది. పైగా కౌంటర్ సర్వర్ జ్ఞాపకంలోనే పెరుగుతూ ఉంటుంది కాబట్టి ఒకసారి అడగడం తప్పినా లెక్క పోదు, తర్వాతిసారి మొత్తం కలిసి వస్తుంది.

లోపాలు లేవని కాదు. రెండు పలకరింపుల మధ్య ఎగసి పడిపోయిన గేజ్ కంటపడదు. అరనిమిషం నడిచి ముగిసే పనులను పలకరించే వ్యవధే ఉండదు. వాటికోసం పుష్‌గేట్‌వే అనే మధ్యవర్తి ఉంది, ఆ పనులు తమ లెక్కలను దాని దగ్గర వదిలి వెళతాయి కానీ, అది చివరగా అందిన విలువను తొలగించేదాకా చూపిస్తూనే ఉంటుంది. అంటే నా పాత రోగమే వేరే వేషంలో. ఇక పలకరించాల్సిన సర్వర్ల జాబితాలో ఒకదాని పేరే లేకపోతే దానికి సున్నా కూడా రాదు. ఇన్ని చెప్పుకున్నాక కూడా, నెలల తరబడి ఒకేచోట నడిచే బ్రోకర్‌కు (సందేశాలను అందుకుని పంచే సర్వర్‌కు) నా ఓటు అడిగి తెలుసుకునే పద్ధతికే. రాబిట్ ఎంక్యూ అనే బ్రోకర్ 2019లో వచ్చిన 3.8 నుంచి ప్రొమీథియస్ ప్లగిన్‌ను తనతోనే ఇస్తోంది, 15692 పోర్టులో. కాఫ్కా అనే మరో బ్రోకర్ జావా వాళ్ల జేఎంఎక్స్ అనే పద్ధతిలో మాట్లాడుతుంది కాబట్టి మధ్యలో ఒక ఎక్స్‌పోర్టర్, అంటే అనువాదకుడి లాంటి ప్రోగ్రామ్, కావాలి. ఏ పద్ధతైనా సరే, యూజర్ ఐడీని మాత్రం లేబుల్‌గా (కొలతను విడదీసి చూపే గుర్తుగా) పెట్టకండి. లక్షమంది యూజర్లుంటే లక్ష గ్రాఫులు పుడతాయి, నిఘా సర్వరే ముందు చతికిలబడుతుంది.

ఇంతకీ ఏం కొలవాలి? అందరూ మొదట క్యూ పొడవుకు అలర్ట్ పెడతారు. నేనైతే క్యూలో అన్నిటికన్నా పాత సందేశం వయసుకు పెడతాను. సెకనుకు 5,000 సందేశాలు తీసే కన్స్యూమర్ (క్యూలోంచి సందేశాలు తీసుకుని పనిచేసే ప్రోగ్రామ్) ముందు 10,000 ఉన్నా అది రెండు సెకన్ల పని. మూడే సందేశాలుండి, అవి గంట నుంచి కదలకపోతే అసలు ఆపద అదే, పొడవు గ్రాఫులో అది గీత కూడా కాదు. కాఫ్కాలో ఇది ఇంకా ముఖ్యం. అక్కడ సందేశాల నిల్వకు మామూలు గడువు 168 గంటలు, అంటే వారం. కన్స్యూమర్ అంతకన్నా వెనకబడితే చదవని సందేశాలు చెరిగిపోతాయి. తాను ఆపిన చోటు ఇక లేదని తెలిసినప్పుడు కన్స్యూమర్ ఏం చేస్తుంది? మనం వేరే చెప్పకపోతే సరికొత్త సందేశం దగ్గరికి గెంతి, ఏమీ జరగనట్టు పని మొదలుపెడుతుంది. ఎంత వెనకబడిందో చూపే లాగ్ గ్రాఫ్ సున్నాకు పడుతుంది. చూసేవాళ్లకు అది కోలుకున్నట్టే కనిపిస్తుంది.

ఇక తప్పుల సంగతి. సందేశాన్ని నడిపించలేకపోతే మళ్లీ ప్రయత్నించడమా, పక్కన పెట్టడమా? ఈ ప్రశ్నకు ఈమెయిలు 1982 నాటి ఎస్ఎంటీపీ ప్రమాణంలోనే సగం జవాబు చెప్పింది. 4తో మొదలయ్యే కోడ్ వస్తే తాత్కాలికం, తర్వాత మళ్లీ ప్రయత్నించు. 5తో మొదలైతే శాశ్వతం, పంపినవాడికి తిప్పికొట్టు. పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సర్వర్ ఈనాటికీ తాత్కాలిక తప్పులతో ఐదు రోజులు ఓపిగ్గా తంటాలు పడుతుంది. కొత్త క్యూలు రాసే మనం ఈ విభజనను మరిచి, ఏ తప్పయినా ఒకే బుట్టలో పడేసి సందేశాన్ని తిరిగి క్యూలోకి తోస్తాం. రాబిట్ ఎంక్యూ దాన్ని వీలైతే పాత చోటనే, అంటే వరస మొదట్లోనే పెడుతుంది. వెంటనే కన్స్యూమర్ దాన్నే తీసుకుంటుంది, మళ్లీ తప్పు, మళ్లీ వెనక్కి. అక్షరం చెడిన ఒక్క సందేశం రాత్రంతా ప్రాసెసర్‌ను తినేస్తుంది. రాబిట్ ఎంక్యూలోనే కోరమ్ క్యూలనే (ప్రతులు అనేక సర్వర్లలో ఉంచే) రకంలో దీనికి హద్దు ఉంది, 4.0 నుంచి అది 20 సార్లు. అయితే డెడ్ లెటర్ ఏర్పాటు, అంటే విఫలమైన సందేశాలను పక్కన పెట్టే చోటు, చేయకపోతే, ఆ హద్దు దాటిన సందేశం ఎటూ పోదు, మాయమవుతుంది.

తాత్కాలిక తప్పుకు మళ్లీ ప్రయత్నించడమే మేలు, కాకపోతే విరామం ప్రతిసారీ పెంచుతూ, అందులో కొంత యాదృచ్ఛికత కలపాలి. లేకపోతే అప్పుడే లేచి కూర్చుంటున్న డేటాబేస్ మీద కన్స్యూమర్లన్నీ ఒకే క్షణాన పడతాయి, గోరుచుట్టుపై రోకటిపోటే. శాశ్వత తప్పును పక్కన పెట్టడమే మేలు. కాఫ్కా బ్రోకర్‌కు అలా పక్కన పెట్టడం తెలియదు, కన్స్యూమరే ఆ సందేశాన్ని వేరే టాపిక్‌లో (కాఫ్కాలో సందేశాల వరస పేరు ఇది) రాసి ముందుకు నడవాలి. ఒక్క చోట మాత్రం ఈ సలహాను వెనక్కి తీసుకుంటాను. ఒకే సంభాషణలో సందేశం, దాని దిద్దుబాటు, దాని తొలగింపు వరసగా వస్తుంటే మొదటిదాన్ని పక్కన పెట్టి మిగతావి నడిపిస్తే లేని సందేశాన్ని దిద్దినట్టవుతుంది. అక్కడ ఆ సంభాషణ వరకు ఆపేయడమే నయం.

డెడ్ లెటర్ క్యూ పెట్టగానే పని అయిపోయిందనుకునేవాళ్లు చాలామంది. ఇల్లు అలకగానే పండగ కాదు. ఆ క్యూను ఎవరు, ఎన్ని రోజులకోసారి తెరిచి చూస్తారో పేరు రాసి పెట్టని చోట అది చెత్తబుట్టకు మర్యాదపూర్వకమైన పేరు. అలాగని ఒక్కో సందేశానికీ అలర్ట్ మోగిస్తే నాన్నా పులి కథే. వారంలో అందరూ దాన్ని మ్యూట్ చేస్తారు. తప్పుల రకాన్నీ సంఖ్యనూ కొలతల్లో ఉంచి, ఏ సందేశం, ఎందుకు అన్న వివరాన్ని జరిగినవి రాసుకునే లాగ్ ఫైలులో ఉంచి, ఆ క్యూలో సందేశాలు చేరే వేగం పెరిగినప్పుడు మాత్రమే మనిషిని లేపడం నాకు కుదిరిన పద్ధతి.

మరి ప్రొమీథియస్సే ఆగిపోతే? దానికోసం ఎప్పుడూ నిజమయ్యే షరతుతో ఒక అలర్ట్ రాశాం. అది రాత్రింబవళ్లు బయట వేరే యంత్రంలో ఉన్న కాపలా ప్రోగ్రామ్‌కు చేరుతూనే ఉంటుంది. ఐదు నిమిషాలు అది చేరకపోతే ఆ ప్రోగ్రామ్ నా ఫోనును మోగిస్తుంది.