రాగ్నరాక్: పోరాటం పదునెక్కింది, దారి పాతదే

2018లో వచ్చిన గాడ్ ఆఫ్ వార్ వీడియో గేమ్ తన సిరీస్‌నే తిరగరాసింది. కెమెరాని హీరో క్రేటోస్ భుజం వెనక్కి తెచ్చి, ఆట మొత్తాన్నీ కట్ లేని ఒకే షాట్‌గా నడిపింది. దాని తర్వాతి భాగంగా 2022 నవంబర్ 9న వచ్చిన రాగ్నరాక్ మాత్రం అంత తెగించలేదు. మెయిన్ కథ, సైడ్ పనులు, బెర్సర్కర్లనే కష్టమైన బాస్‌లు, అదే సామానుతో ఆటని మళ్లీ మొదటినుంచి ఆడే న్యూ గేమ్ ప్లస్ అన్నీ ఆడాక కూడా నా మాట ఇదే.

ముందు పోరాటం సంగతి, ఎందుకంటే డబ్బులిచ్చేది దానికే. పాత ఆటలో గొడ్డలి చేతిలో ఉన్నప్పుడు ట్రయాంగిల్ బటన్‌కి పనే లేదు. ఇందులో నొక్కి పట్టుకుంటే గొడ్డలికి మంచు పడుతుంది, తర్వాతి దెబ్బ ఇంకా బరువుగా తగులుతుంది. కత్తుల్లో ఉంటే అదే బటన్ గబగబా కొట్టాలి, నిప్పు రాజుకుంటుంది. డాలు ఎంపిక మీద ఆడే తీరే మారిపోతుంది. డాంట్‌లెస్ తీసుకుంటే దెబ్బ తగిలే ఆఖరి క్షణంలో ప్యారీ చెయ్యాలి, అంటే డాలు అడ్డుపెట్టి తిప్పికొట్టాలి. స్టోన్ వాల్‌తో ప్యారీ కుదరదు. దెబ్బలు కాచుకుంటూ శక్తి నింపుకుని, ఎల్1 బటన్ రెండుసార్లు నొక్కి నేలకేసి కొట్టాలి. కొత్తవాళ్లు ఎక్కువగా చచ్చేది శత్రువు కొట్టేముందు కనపడే వలయాల రంగు చూడక: పసుపైతే ప్యారీ, ఎరుపైతే పక్కకి దూకడం, నీలమైతే ఎల్1 రెండుసార్లు కొట్టి ఆపడం.

ఇంత బాగా చేసినవాళ్లు మిగతాదాన్ని ముట్టుకోలేదు. బహుమతులు దాచిన నార్నిర్ పెట్టె తెరవడానికి మళ్లీ అవే మూడు గంటలు, మూడు కాగడాలు. మూడు ఆపిల్స్ దొరికితే హెల్త్ పెరగడం కూడా అదే. వెతికి కొట్టాల్సిన ఓడిన్ కాకులు అప్పుడు 51, ఇప్పుడు 48. బండల సందులో నుంచి ఒరుసుకుంటూ దూరడం అలాగే ఉంది. తొమ్మిది లోకాలూ తెరిచారు, నిజమే, కానీ చాలా చోట్ల చేసే పని ఒకటే.

నాకు నిజంగా కోపం తెప్పించేది పక్కనున్నవాళ్ల సలహాలు. చక్రం ఎక్కడుందో చూద్దామని కెమెరా తిప్పేలోపే క్రేటోస్ కొడుకు ఏట్రియసో, నడుముకి వేలాడే మాట్లాడే తల మిమిరో జవాబు చెప్పేస్తారు. ఆడేవాడు ఇరుక్కుని వదిలేస్తాడేమోనన్న భయం అది. ఆలోచించే ఆ నిమిషమే కదా పజిల్ అంటే!

ఏట్రియస్‌గా ఆడించడం తెగువే. అయితే ఐరన్‌వుడ్ అనే అడవిలో పళ్లు ఏరుకుంటూ గంటలకొద్దీ నడిపించి ఆ ఊపు చంపేశారు. డ్రాప్‌నిర్ ఈటె అద్భుతం: విసిరి గుచ్చి, ట్రయాంగిల్‌తో పేల్చొచ్చు. అది చేతికొచ్చేసరికి కథ సగం దాటిపోతుంది.

వానహైమ్ లోకంలో క్రేటర్ అనే పెద్ద ప్రాంతం మాత్రం వదలొద్దు. మెయిన్ కథలో రాదు, సైడ్ క్వెస్ట్‌లు చేస్తేనే తెరుచుకుంటుంది. ఆనకట్ట తెరిచి నది పారించాక అక్కడ ఎటైనా తిరగొచ్చు. 2023 డిసెంబర్‌లో ఉచితంగా ఇచ్చిన వల్హల్లా అనే అదనపు భాగం ఇంకా తెగువైంది: చస్తే మొదటికి, ప్రతి గదికీ ఏ శక్తి కావాలో మీరే ఎంచుకోవాలి. ఇదే తెగువ అసలు ఆటలో ఎందుకు పెట్టలేదు?

మన నెల్లూరు, ఒంగోలు వైపు ఆడేవాళ్లకి రెండు మాటలు. ఎండాకాలం కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీదున్నా కన్సోల్ రీస్టార్ట్ అవుతుంటే, ఇన్వర్టర్‌కి యూపీఎస్ మోడ్ స్విచ్ ఉందేమో చూసి అటు పెట్టండి. సేవ్ ఫైల్ పాడయ్యే ప్రమాదం తగ్గుతుంది. పీఎస్4కి సెకండ్ హ్యాండ్‌లో కొంటే డబ్బాలో రెండు డిస్కులూ ఉన్నాయో లేదో షాపులోనే తెరిచి చూడండి. డేటా డిస్క్ లేకుండా ఆట నడిపే రెండో డిస్క్ ఒక్కటే ఉంటే ఇన్‌స్టాల్ పూర్తికాదు.